పగడాల వీధి మీదుగా ఆమ్‌స్టర్‌డామ్



హోసూరు దగ్గర మా అత్తిముగం, బేరికె, బాగలూరు పక్క గులాబీ సేద్యం చేసే రైతులకు ఆమ్‌స్టర్‌డామ్ పేరు కొత్త కాదు. తోటలో నాటే రకాలు చాలా మటుకు హాలెండ్ వాళ్లు పుట్టించినవే. ఫిబ్రవరి వచ్చిందంటే మన పూలు పెట్టెల్లో సర్దుకుని విమానమెక్కి యూరప్ వెళ్తాయి. ఆ ఊరి పూల మార్కెట్టు సంగతి మన రైతులు నాకంటే బాగా చెబుతారు. నేను చెప్పబోయేది ఆ ఊరి ఇంకో వ్యాపారం గురించి, వజ్రాల గురించి. ఆ వ్యాపారాన్ని మూడు నాలుగు వందల ఏళ్లు చేతుల మీద నడిపిన యూదుల గురించి. హోసూరు సిప్‌కాట్‌లో నగల ఫ్యాక్టరీకి వెళ్లే మన పిల్లలు రోజూ రాళ్లు పొదుగుతూనే ఉంటారు కాబట్టి, వజ్రం కూడా మన పక్కకు మరీ దూరపు సరుకేమీ కాదు.

యూరప్‌లో ఇప్పుడొక అలవాటు బాగా పెరిగింది. ఒక నగరానికి వెళ్లి, అక్కడి యూదుల చరిత్రను కాలినడకన చూడటం. ప్రాగ్, బెర్లిన్, ఆమ్‌స్టర్‌డామ్, వెనిస్, ఎక్కడికి వెళ్లినా చేతికో పటం ఇస్తారు, ముందు ఒక గైడు నడుస్తాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయితే ఆ నడక సాధారణంగా పోర్చుగీసు సినగాగు దగ్గర మొదలవుతుంది. 1675లో తెరిచిన ప్రార్థనాలయం అది. లోపల నేటికీ కరెంటు దీపాల్లేవు. వెయ్యి కొవ్వొత్తులు వెలిగిస్తారు. నేల మీద సన్నని ఇసుక చల్లి ఉంటుంది, చెప్పుల చప్పుడూ తడీ పీల్చుకోవడానికి. బయటికొస్తే రేవు కూలీ విగ్రహం. 1941 ఫిబ్రవరిలో నాజీలు యూదు కుర్రాళ్లను వీధుల్లో పట్టి ఈడ్చుకుపోతే, ఊరి కార్మికులు పని ఆపేసి ట్రాములు నిలబెట్టేశారు. ఆ సమ్మెకు గుర్తు ఆ విగ్రహం. ఇంకొంచెం నడిస్తే వజ్రాల కార్మికుల సంఘం భవనం. హెన్రీ పోలాక్ అనే యూదు కార్మికుడు ముందు నిలబడి 1894లో పెట్టిన సంఘం. ఆ తర్వాత 2021లో కట్టిన పేర్ల గోడ. ఒక్కో ఇటుక మీద ఒక్కో పేరు. లక్షా రెండు వేలకు పైగా ఇటుకలు.

ఇక దారి పొడుగునా కాళ్ల కింద ఇత్తడి బిళ్లలు కనిపిస్తాయి. గుంటర్ డెమ్నిగ్ అనే జర్మన్ కళాకారుడు 1992లో మొదలుపెట్టిన పని ఇది. నాజీలు తీసుకుపోయిన మనిషి చివరిసారి తన ఇష్టంతో ఉన్న ఇల్లు ఏదో, ఆ ఇంటి ముందు కాలిబాటలో చిన్న ఇత్తడి పలక పొదుగుతాడు. ఇక్కడ ఫలానా మనిషి ఉండేవాడు, ఫలానా ఏడు పుట్టాడు, ఫలానా చోట చంపేశారు, అంతే దాని మీద ఉండేది. చదవాలంటే వంగాలి. యూరప్ అంతా కలిపి అలాంటివి లక్ష దాటాయి.

ఈ నడకల గురించి చదివినప్పుడల్లా, ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఒక ప్రశ్న మిగిలిపోయేది. ఆ ఊరు వజ్రాలతో బతికింది సరే, ఆ వజ్రాలు ఎక్కడివి? బ్రెజిల్లో 1720ల్లో వజ్రాలు బయటపడేదాకా యూరప్ చూసిన వజ్రాల్లో దాదాపు అన్నీ మన దేశానివే. అందులో పేరున్నవి కృష్ణ ఒడ్డున కొల్లూరు, పరిటాల పక్క గనుల్లో తవ్వినవి. గోల్కొండ వజ్రాలని లోకం పిలిచేది వాటినే. అంటే ఆమ్‌స్టర్‌డామ్ వీధుల్లో గైడు చెప్పే కథకు మొదటి సగం తెలుగు నేల మీద ఉంది. ఆ సగం ఓడెక్కిన రేవు మన చెన్నపట్నం. అక్కడ గైడూ లేడు, పటమూ లేదు. అయినా నడవొచ్చు. హోసూరు నుంచి మూడొందల కిలోమీటర్ల పైచిలుకు బస్సు ప్రయాణం, ఆ పైన ఒక పూట కాళ్లకు పని.

నడక మొదలుపెట్టే ముందు, వీళ్లు వజ్రాల్లోకే ఎందుకు వచ్చారో చెప్పాలి. యూదులకు డబ్బు వాసన తెలుసు అని మనవాళ్లు కూడా కొందరు తేలిగ్గా అనేస్తుంటారు. అది వట్టి మాట. స్పెయిన్ 1492లో యూదులను వెళ్లగొట్టింది. పోర్చుగల్ 1497లో బలవంతంగా మతం మార్చింది. మారినా నమ్మక, వాళ్ల వెనక మత విచారణ కోర్టులు పెట్టింది. అక్కడి నుంచి పారిపోయిన కుటుంబాలు ఆమ్‌స్టర్‌డామ్ చేరాయి. ఆ ఊళ్లో బతకనిచ్చారు గానీ చేతిపనుల సంఘాల్లో చేర్చుకోలేదు. సంఘంలో పేరు లేనివాడు దర్జీ కాలేడు, వడ్రంగి కాలేడు. వజ్రాలకు సాన పట్టడం అప్పటికి కొత్త విద్య, దానికి సంఘం లేదు. మూయని తలుపుల్లో అదొకటి, దూరారు. ఇంకో సంగతి, పారిపోవాల్సిన మనిషికి పొలం పనికిరాదు, ఇల్లు పనికిరాదు. వజ్రమైతే నడుముకు కట్టుకుని అర్ధరాత్రి బయల్దేరవచ్చు.

ఇప్పుడు కోటకు వెళ్దాం. సెయింట్ జార్జి కోట. దామెర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చిన ఇసుక నేల మీద కట్టింది. ఇప్పుడు అందులో శాసనసభ, సచివాలయం ఉన్నాయి కాబట్టి గేటు దగ్గర సంచి తెరిచి చూపించాలి. లోపల సెయింట్ మేరీ చర్చి ఉంది, 1680లో ప్రతిష్ఠ చేసింది. ఆ చర్చి రిజిస్టరులో మొదటి పెళ్లి ఎలైహు యేల్ అనే కంపెనీ ఉద్యోగిది. తర్వాత గవర్నరు అయ్యాడు, 1687 నుంచి 1692 దాకా. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం ఈయన పేరే పెట్టుకుంది. ఈయన పంపిన సరుకుల మూటలు అమ్ముకుని 1718లో ఆ కాలేజీ భవనం కట్టుకున్నారు. సరుకంటే ఏమిటి? చాలా మటుకు బట్ట.

యూదుల కథలో యేల్ ఎందుకు వచ్చాడంటే, ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజానికి చెందిన జాక్ డి పైవా అనే వర్తకుడు 1680ల్లో భార్యతో సహా మద్రాసు వచ్చాడు. వజ్రాలు నేరుగా గనుల దగ్గరే కొనాలని గోల్కొండ రాజ్యంలోకి వెళ్లాడు. అక్కడ జబ్బుపడి తిరిగొచ్చి 1687లో కన్నుమూశాడు. గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి పోయింది కూడా ఆ ఏడే. పైవా భార్య పేరు హిరోనిమా. భర్త పోయాక ఆమె గవర్నరు యేల్ ఇంటికి చేరింది. యేల్ భార్య అప్పటికి ఇంగ్లండు ప్రయాణం కట్టింది. హిరోనిమాకు యేల్ వల్ల ఒక కొడుకు పుట్టాడు. ఊరంతా గుసగుసలు, లండన్ దాకా కబుర్లు. ఆఖరుకు తల్లీ కొడుకూ ఆఫ్రికా కొసన కేప్ రేవు చేరారు. ఈ కథను చెప్పేవాళ్లంతా ఆమెను గవర్నరు ఉంచుకున్న మనిషిగా చెప్పి ఊరుకుంటారు. పరాయి రేవులో, తన మతం వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్న చోట, మొగుడు పోయిన ఆడమనిషికి దారులు ఎన్ని ఉండేవో ఎవరూ లెక్క వెయ్యలేదు.

కోట దాటి ఉత్తరానికి వస్తే హైకోర్టు. ఈ ఎర్ర భవనం 1892 నాటిది. దాని కింద నేల మాత్రం పాత నల్లవారి పట్నం. తెలుగు కోమట్లు, బేరి శెట్లు, ఆర్మీనియన్లు, పోర్చుగీసువాళ్లు తిరిగిన చోటు. ఫ్రెంచివాళ్లు 1746లో మద్రాసు పట్టుకున్నాక కొంత, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు కొంత, ఫిరంగి గుండుకు అడ్డం లేకుండా ఆ ఊరిని పడగొట్టేశారు. మిగిలినవాటిలో ఒకటి ఇప్పటికీ చూడొచ్చు. లా కాలేజీ ఆవరణలో నిటారుగా నిలబడ్డ గోపురం లాంటి సమాధి. యేల్ కొడుకు డేవిడ్ చిన్నతనంలోనే పోతే, యేల్ భార్య మొదటి మొగుడు హిన్‌మర్స్ పక్కన పాతిపెట్టిన చోటు. దాన్ని కదిలించాలా, ఉన్నచోటే ఉంచాలా అని ఈమధ్య హైకోర్టులోనే వ్యాజ్యం నడిచింది. పైవా చనిపోయింది కూడా ఇంచుమించు అదే రోజుల్లో. ఆయన గురించి వ్యాజ్యం వెయ్యడానికి ఎవరున్నారు?

హైకోర్టు నుంచి ప్యారిస్ కార్నరు మలుపు తిరిగి మణ్ణడి వైపు నడవండి. తోపుడు బండ్లు, ఇనుప సామాను, ఫ్లెక్సీ దుకాణాలు, కాలు పెట్టడానికి సందుండదు. అందులో ఒక వీధి పేరు అరవంలో పవళక్కారర్ తెరు, ఇంగ్లీషులో కోరల్ మర్చంట్ స్ట్రీట్. పగడాల వర్తకుల వీధి. తర్వాతి కాలంలో నాట్టుకోట్టై చెట్టియార్లు ఇక్కడ ఇళ్లూ విడిదులూ కట్టుకున్నారు. ఇప్పుడు పగడం అమ్మే అంగడి అక్కడ నాకు కనబడలేదు. పేరు మాత్రం ఉంది.

ఈ పేరు వెనక వ్యాపారం చాలా సొగసైనది. కొంచెం ఆగి చెబుతాను. ఇంగ్లీషు కంపెనీ మిరియాలూ బట్టా తన చేతిలోనే పెట్టుకుంది, వేరేవాళ్లను తాకనివ్వలేదు. వజ్రాలను మాత్రం విడి వర్తకులకు వదిలింది, సుంకం కట్టి తెచ్చుకొమ్మంది. వజ్రం కొనాలంటే బదులు ఏదో ఒకటి పంపాలి. వెండి పంపారు. అంతకంటే ముఖ్యంగా పగడం పంపారు. మధ్యధరా సముద్రంలో, సార్డీనియా చుట్టుపక్కల, ట్యునీసియా ఒడ్డున ఎర్ర పగడం దొరుకుతుంది. దాన్ని ఇటలీలోని లివోర్నో రేవులో పూసలుగా చెక్కేవాళ్లు. యూదులను గోడ కట్టి వేరే పేటలో పెట్టని ఇటాలియన్ ఊరు లివోర్నో, అందుకే అక్కడ వాళ్లు కుదురుకున్నారు. ఆ పూసలు లివోర్నో నుంచి లండన్, లండన్ నుంచి మద్రాసు. ఇక్కడ అమ్మి, ఆ డబ్బుతో కృష్ణ ఒడ్డు వజ్రాలు కొని, తిరుగు ఓడలో లండన్, అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్ సానకు. చుట్టూ తిరిగొచ్చేసరికి రెండేళ్లు దగ్గర దగ్గర. ఈ గొలుసులో ప్రతి కొసన ఒక మేనమామో, తోడల్లుడో ఉండేవాడు. అంత దూరపు బేరంలో చుట్టరికమే పూచీకత్తు.

మరి అంత పగడం ఇక్కడ ఎవరు కొన్నారు? మన ఆడవాళ్లు. తెలుగు ఇళ్లల్లో తాళిబొట్టు పక్కన నల్లపూసలూ పగడాలూ గుచ్చుకోవడం ఈనాటిదా? పగడం మన సముద్రాల్లో ఆ ఎరుపులో దొరకదు. యూరప్ దొరసానుల మెడలో కొల్లూరు వజ్రం మెరిసిన రోజుల్లోనే, ఇక్కడ తాళిలో మధ్యధరా పగడం మెరిసింది. రెండిటి మధ్యా బేరం నడిపినవాళ్లు ఒకే కుటుంబాలు. చరిత్ర పుస్తకాలు ఒక వైపు నగను గురించి గ్రంథాలు రాశాయి, రెండో వైపు నగ సంగతి మన బామ్మలకే వదిలేశాయి.

ఆ కుటుంబాల్లో ఒకదాని కథ చెబుతాను. జర్మనీలో హాంబర్గు ఊళ్లో గ్లూకెల్ అని ఒక ఇల్లాలు. డజను మంది పిల్లల తల్లి. మొగుడు 1689లో పోతే, వ్యాపారం తన చేతిలోకి తీసుకుని సంతలకు తిరిగింది. రాత్రిళ్లు నిద్ర పట్టక, పిల్లలకు తెలియాలని తన జీవితం యిద్దిష్ భాషలో రాసుకుంది. యూరప్ యూదుల చరిత్రలో ఆ పుస్తకం పేరు రాని చోటు లేదు. ఆమె అల్లుడు మొర్దెకై లండన్‌లో స్థిరపడ్డాడు. అక్కడి సమాజపు పెద్దలతో గొడవపడి, వెలివేయించుకుని, తనే వేరే సినగాగు పెట్టుకున్నాడు. తర్వాత వజ్రాల కోసం ఓడెక్కి మన మద్రాసు వచ్చి ఏళ్ల తరబడి వ్యాపారం చేశాడు. ఇంగ్లీషు కాగితాల్లో ఆయన పేరు మార్కస్ మోజెస్. హాంబర్గులో నడక చేసేవాళ్లకు గ్లూకెల్ కథ తప్పకుండా చెబుతారు. ఆమె అల్లుడు తెలుగు దుబాసీల మధ్య బేరాలాడిన సంగతి వాళ్ల దారిలో లేదు.

పైవా లాంటి వర్తకులు పోర్చుగీసు మాట్లాడేవాళ్లే అయినా, పోర్చుగీసు వాళ్ల గోవాకు ఎందుకు వెళ్లలేదని మీకు అనిపించవచ్చు. గోవాలో 1560 నుంచి మత విచారణ కోర్టు ఉంది. గార్సియా ద ఓర్తా అనే పెద్ద వైద్యుడు, మన దేశపు మందుమొక్కల మీద పుస్తకం రాసినవాడు, అక్కడే ఉండి 1568లో పోయాడు. ఆయన చెల్లెలిని మరుసటేడు సజీవంగా తగలబెట్టారు. ఆయన రహస్యంగా యూదుడని తేల్చి 1580లో సమాధి తవ్వి ఎముకలు తగలబెట్టారు. మన దేశంలో యూదులకు ఏనాడూ కష్టం కలగలేదని మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. చేసింది మనం కాకపోవచ్చు గానీ, జరిగింది ఈ నేల మీదే.

మణ్ణడి నుంచి పడమరగా నడిస్తే మింట్ వీధి, తంగసాలై. ఇది పాత పెద్దనాయకుని పేట. పట్నానికి కావలి కాసిన పెద్దనాయకుల పేరు మీద వచ్చిన పేట. పొద్దున పూట వెళ్తే మార్వాడీల కచోరీ వాసన వీధంతా ఉంటుంది. ఈ వీధి పక్కనే ఒకప్పుడు యూదుల శ్మశానం ఉండేది. పైవా, ఆయన తర్వాత వచ్చినవాళ్లు అక్కడే మట్టిలో కలిశారు. ఊరు పెరిగి, స్థలం కరిగి, రాళ్లు అక్కడి నుంచి లేచాయి. అదే వీధిలో ఏకాంబరేశ్వరుని గుడి ఉంది, అళంగాత్త పిళ్లై కట్టించాడంటారు. ఆ పేరు గుర్తు పెట్టుకోండి, ఇప్పుడే పని పడుతుంది.

1688 సెప్టెంబరు 29న మద్రాసులో కార్పొరేషన్ మొదలైంది. దేశంలో అన్నిటికంటే పాత నగరపాలక సంస్థ అదే. ఒక మేయరు, ఆల్డర్‌మెన్ అనే పన్నెండు మంది సభ్యులు. ఎర్రటి గౌన్లు తొడుక్కుని ఊరేగింపుగా నడిచారు. ఆ పన్నెండు మందిలో ముగ్గురు యూదు వర్తకులు. ముగ్గురు హిందువులు, వాళ్లలో చిన వెంకటాద్రి ఒకరు, గుడి కట్టించిన అళంగాత్త పిళ్లై ఒకరు. మిగిలినవాళ్లు ఇంగ్లీషు, ఫ్రెంచి, పోర్చుగీసు వాళ్లు. ఇప్పుడు ఈ ఏళ్లు చూడండి. ఇంగ్లండు 1290లో యూదులను వెళ్లగొట్టి, మళ్లీ ఉండనిచ్చింది 1656లో. లండన్ నగరంలో ఒక యూదుడు ఆల్డర్‌మన్ కుర్చీలో మొదటిసారి కూర్చున్నది 1847లో, డేవిడ్ సాలమన్స్. అంతకు ముందే ఎన్నికైనా, క్రైస్తవ ప్రమాణం చెయ్యనన్నందుకు కూర్చోనివ్వలేదు. లండన్‌లో నూటయాభై ఏళ్ల తర్వాత గానీ దక్కని కుర్చీ చెన్నపట్నంలో ముందే దక్కింది, అదీ లండన్ కంపెనీ చేతుల మీదుగానే.

ఇది చదివి మురిసిపోవడానికి ముందు కంపెనీ లెక్క కూడా చూడాలి. ఊరి గోడలకూ వీధులకూ పన్ను కావాలి. ఇంగ్లీషువాడు అడిగితే జనం తిరగబడుతున్నారు. ప్రతి కులం నుంచీ పెద్దమనిషిని కుర్చీలో కూర్చోబెడితే, వాళ్లవాళ్ల దగ్గర వాళ్లే వసూలు చేస్తారని లండన్‌లో కంపెనీ పెద్ద జోసయ్య చైల్డ్ ఎత్తు. ఎర్ర గౌను వెనక ఉన్నది ఉదారబుద్ధి కంటే పన్ను పుస్తకమే. అయినా ఆ ముగ్గురు యూదులకు, లిస్బన్‌లో తాతలను తగలబెట్టిన జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉన్నవాళ్లకు, నడివీధిలో ఎర్ర గౌనుతో పట్టపగలు నడవడం తక్కువ సంగతి అయి ఉండదు.

ఆ తర్వాత కొన్నేళ్లకే మద్రాసులో అన్నిటికంటే పెద్ద వజ్రం బేరం జరిగింది. గవర్నరు థామస్ పిట్ దగ్గరకు జామ్‌చంద్ అనే మన వర్తకుడు 410 కారట్ల రాయి తెచ్చాడు. రెండు లక్షల వరహాలు అడిగాడు. నెలల తరబడి బేరమాడి పిట్ 48,000 వరహాలకు తీసుకున్నాడు, 1702లో. సాన పట్టాక 140 కారట్లు మిగిలింది, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి కొన్నాడు. ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియం సొత్తు. పిట్‌కు వజ్రాల విషయంలో సలహాదారుగా, స్నేహితుడుగా ఉన్న మనిషి ఐజాక్ అబెండానా, హాలెండ్ నుంచి వచ్చిన యూదుడు. 1709లో మద్రాసులోనే పోయాడు. ఈ రాయిని గనిలో ఒక బానిస తన కాలిపిక్క కోసుకుని, గాయంలో దాచి తెచ్చాడనీ, ఓడవాడు రాయి లాక్కుని వాణ్ణి సముద్రంలో తోసేశాడనీ ఒక కథ ఉంది. కథే కావచ్చు. గనిలో పనిచేసినవాడి గురించి కథ తప్ప కాగితం మిగల్లేదు. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కొల్లూరు వెళ్లినప్పుడు అక్కడ ఆడా మగా పిల్లలతో సహా అరవై వేల మంది పని చేస్తున్నారని రాశాడు. చిరుధాన్యం విత్తుదామని నేల తవ్విన ఒక పేదవాడికి మొదటి రాయి దొరికిందనీ ఆయనే రాశాడు. ఆ అరవై వేల మందిలో ఒక్క పేరు మనకు రాలేదు. మా పక్క రాగి చేలల్లో కలుపు తీసే మనుషుల లాంటివాళ్లే అయి ఉంటారు.

బ్రెజిల్ వజ్రాలు వచ్చాక గోల్కొండ మాట తగ్గింది. గనులు కూడా అడుగంటాయి. పగడాల బేరం ఇంకొంత కాలం నడిచింది. లివోర్నో మూలాలున్న ఫ్రాంకో కుటుంబం మనిషి సాలమన్ ఫ్రాంకో 1763లో ఇక్కడ పోయాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే ఓడెక్కారు. తరిమినవాళ్లు లేరు, దోచినవాళ్లు లేరు. సరుకు లేదు, వెళ్లిపోయారు.

మింట్ వీధి నుంచి బస్సెక్కి రాయపేట వైపు రండి. లాయిడ్స్ రోడ్డు, ఇప్పటి పేరు అవ్వై షణ్ముగం సాలై. అక్కడ చిన్న ప్రహరీ లోపల ఇప్పటి యూదుల శ్మశానం ఉంది. పాత చోట్ల నుంచి మిగిలిన రాళ్లను 1980ల్లో ఇక్కడికి చేర్చారు. అబెండానా రాయి, ఫ్రాంకో రాయి ఇక్కడివే. అక్షరాలు హీబ్రూవి, కొన్నిటి మీద పోర్చుగీసు. గేటుకు చాలాసార్లు తాళం ఉంటుంది. పక్క దుకాణం వాళ్లను అడిగితే, అది ఏదో విదేశీయుల సమాధి అంటారు. కావాలని మరిచిపోయిన గొంతు కాదది. చెప్పినవాళ్లు లేక తెలియలేదు.

ఆమ్‌స్టర్‌డామ్‌నూ చెన్నపట్నాన్నీ పక్కపక్కన పెడితే నాకు ఇలా అనిపిస్తుంది. అక్కడ ఇంటి ముందు ఇత్తడి పలక ఎందుకు ఉంది? ఆ ఇంట్లోంచి పక్కవాళ్లు చూస్తుండగా మనిషిని తీసుకుపోయారు కాబట్టి. నెదర్లాండ్స్‌లో ఉన్న లక్షా నలభై వేల మంది యూదుల్లో లక్షకు పైగా తిరిగి రాలేదు. నేరం జరిగిన చోట గుర్తు పెట్టక తప్పదు. ఇక్కడ ఊరు వాళ్లకు ఏ కీడూ చెయ్యలేదు, కాబట్టి ఊరికి ఏ బాకీ ఉన్నట్టూ అనిపించలేదు. మన మతసహనాన్ని పొగుడుకోవడానికి కొచ్చిన్ సినగాగు ఫొటో పెట్టుకుంటాం, చెన్నపట్నం యూదులు ఆ ఫొటోలోకి రారు. సహనం ఉన్నచోట కుతూహలం కూడా ఉంటుందని ఎక్కడా లేదు. మన ఊళ్ల పక్క ఐరావతేశ్వరుని గుడి రాతిలో ఎవరి దానం రాసి ఉందో చదివినవాళ్లం ఎందరం ఉన్నాం? ఇంటి పక్క గుడే చదవనివాళ్లం, పరాయివాడి సమాధి చదవలేదంటే వింతేముంది.

తెలుగువాళ్లలో యూదులు ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని ఒక చిన్న సమాజం ఉంది. దళిత కుటుంబాలు. ఇజ్రాయేలు పోయిన తెగల్లో తాము ఒకరిమని చెప్పుకుని, ఊళ్లో సినగాగు కట్టుకుని, శనివారం పని మానుతారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వాళ్ల మధ్య ఉండి 2013లో ఒక పుస్తకం వేశారు. వాళ్లకూ పగడాల వర్తకులకూ చుట్టరికం లేదు, అది వేరే కథ, వేరే రోజు చెప్పుకోవాలి.

కొల్లూరు మాత్రం ఇప్పుడు నడిచి చూడటానికి లేదు. పులిచింతల జలాశయం నీళ్లు ఆ ఊరి మీదికి వచ్చాయి. కాబట్టి ఈ దారిలో కాలు మోపగలిగింది చెన్నపట్నం దాకానే. వెళ్లాలనుకున్నవాళ్లకు రెండు మాటలు. కోటలో పురావస్తు శాఖ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, ఆ రోజు పెట్టుకోకండి. మణ్ణడి వీధులు ఆదివారం పొద్దున కొంచెం ఖాళీగా ఉంటాయి, వీధి పేర్ల బోర్డులు అప్పుడే కనబడతాయి. లాయిడ్స్ రోడ్డు గేటుకు తాళం ఉంటే ప్రహరీ ఎక్కే ప్రయత్నం చెయ్యకండి, ఇరుగు పొరుగును అడగండి, తాళం చెవి మనిషి ఎవరో వాళ్లకు తెలిసే అవకాశం ఉంది. తాళిలో పాత పగడం ఉన్న అమ్మమ్మ ఇంట్లో ఉంటే ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి, పగడాల వీధి వరకైనా.